గోడ మీద నల్లి, చెట్టు కింద నల్లి

అందరికీ నమస్కారం. పురుగుల గురించి మాట్లాడతానంటే శనివారం పొద్దున్నే నిద్ర మానుకుని ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. బహుశా మీలో సగం మంది ఇళ్లలోకి అవి ఇప్పటికే వచ్చేసి ఉంటాయి. ముందే చెప్పేస్తున్నా, నేను కీటకశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. ఓక్లహోమాలో ఇల్లు తీసుకున్న మొదటి ఏడాది, అక్టోబర్‌లో ఒక మధ్యాహ్నం చెత్తబుట్ట బయట పెడదామని వెళ్తే మా పడమటి గోడ కదులుతున్నట్టు కనిపించింది. దగ్గరికెళ్లి చూస్తే ఎండ పడినంత మేరా పురుగులే, నల్లగా, వీపు మీద ఎర్ర గీతలతో, వేలి గోరంత. లెక్కపెట్టడం మొదలుపెట్టి నాలుగు వందల దగ్గర ఆపేశాను.

ఫోటో తీసి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే ఒకాయన చెదలన్నారు, ఒకావిడ నల్లులన్నారు, ఇంకొకాయన ఇల్లు అమ్మేయమన్నారు. ఆ నల్లులన్నావిడ మాటే ఒక రకంగా నిజమని తర్వాత తెలిసింది, ఆవిడ ఇక్కడే ఉన్నారు, దణ్ణం. చివరికి మందు కొట్టే కంపెనీ మనిషి ఒకతను వచ్చి, ఇవి సోప్‌బెర్రీ బగ్స్ అని ఒక్క చూపులో తేల్చేసి, డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. పేరు తప్పు, మా గోడ మీదివి బాక్స్ ఎల్డర్ బగ్స్, సోప్‌బెర్రీ బగ్ అనేది వేరే పురుగు. ఆ సంగతి నాకు తెలియడానికి మరుసటి వేసవి దాకా పట్టింది, అప్పటికి ఆయన ఫోన్ నంబర్ కూడా పోయింది. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ తప్పు చుట్టూనే, ఎందుకంటే ఈ రెండు పురుగులు రంగులో ఎంత దగ్గరో బతుకులో అంత దూరం.

మన భాషలో కదిలేదంతా పురుగే. ఇంగ్లీషులోనూ అదే గోల, చీమ నుంచి సాఫ్ట్‌వేర్ తప్పు దాకా అన్నీ బగ్గే. శాస్త్రంలో మాత్రం అసలైన బగ్ అంటే హెమిప్టెరా అనే వర్గంలోవి మాత్రమే. వీటికి నమలడానికి దవడలుండవు, సూది లాంటి ముక్కు ఉంటుంది, దాన్ని గుచ్చి రసం పీల్చుకుని బతుకుతాయి. మంచంలో నల్లి కూడా ఈ వర్గానిదే, అందుకే నేను ఈ రెండింటినీ నల్లులనే అంటాను. కాకపోతే పొలాల్లో ఎర్రనల్లి అంటారే, దానికీ వీటికీ ఏ సంబంధమూ లేదు, దానికి ఎనిమిది కాళ్లు, అది సాలీడుకు చుట్టం. హెమిప్టెరా అంటే సగం రెక్క అని అర్థం. మన రెండు నల్లుల విషయంలో ఆ పేరు చక్కగా సరిపోతుంది. ముందు రెక్క మొదట్లో తోలులా మందంగా ఉండి, కొసకు వచ్చేసరికి పలచటి పొర అయిపోతుంది. రెండు రెక్కలూ మడిస్తే వీపు మీద ఇంటూ గుర్తు పడుతుంది. సీతాకోకచిలుకలా మధ్యలో గూడు కట్టుకునే దశ లేదు, గుడ్డులోంచి పిల్ల, ఆ పిల్ల ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది, అంతే.

ఇక మనవాళ్లు ఎవరో చూద్దాం. మా గోడ మీద వాలినది బాక్స్ ఎల్డర్ నల్లి, బాక్స్ ఎల్డర్ అనేది ఒక చెట్టు పేరు. శాస్త్రీయ నామం బోయిసియా ట్రైవిట్టాటా, 1825లో థామస్ సే అనే అమెరికన్ వర్ణించాడు. ట్రైవిట్టాటా అంటే మూడు చారలది. తల వెనక మెడ పట్టీ లాంటి భాగం ఉంటుంది కదా, అక్కడ మూడు ఎర్ర గీతలు నిలువుగా ఉంటాయి, రెండు అంచుల్లో, ఒకటి సరిగ్గా మధ్యలో. రెక్కల అంచుల్లోనూ సన్నటి ఎర్ర గీతలుంటాయి, ఇందాక చెప్పిన ఇంటూ గుర్తును ఎవరో ఎర్ర పెన్నుతో దిద్దినట్టు.

రెండోది జడేరా హెమటోలోమా, 1847లో హెరిక్ షేఫర్ అనే జర్మన్ పేరు పెట్టాడు. హెమటోలోమా అంటే నెత్తుటి రంగు అంచు. దీనికి భుజాల దగ్గర మాత్రమే ఎరుపు, మధ్య గీత లేదు, రెక్కలు గీతల్లేకుండా బొగ్గు రంగులో ఉంటాయి. కళ్లు ఎర్రగా ఉంటాయి. రెక్క కాస్త ఎత్తితే కింద పొట్ట కూడా ఎర్రగా కనిపిస్తుంది. ఇంగ్లీషులో దీనికి మూడు నాలుగు పేర్లున్నాయి, అందులో ఒకటి సోప్‌బెర్రీ బగ్. సోప్‌బెర్రీ అంటే ఏమిటనుకున్నారు? కుంకుడు! అందుకే నేను దీన్ని కుంకుడు నల్లి అంటాను, మీరూ అలాగే అనండి, ఎవరూ అభ్యంతరం చెప్పరు.

కాబట్టి గుర్తు చాలా తేలిక, మెడ పట్టీ మధ్యలో గీత ఉంటే గోడ మీది బాక్స్ ఎల్డర్, లేకపోతే కుంకుడు నల్లి. అది పెద్దవాటికి మాత్రమేనండోయ్. పిల్లలైతే రెండూ ఎర్రటి ఎరుపు, కుంకుమ బొట్లకు కాళ్లొచ్చినట్టు పరిగెడుతుంటాయి, ఫోటో చూసి చెప్పమంటే నేనైతే చెప్పను. ఏ చెట్టు కింద తీశారని అడుగుతాను.

ముందు ఇంటి సంగతి తేల్చేద్దాం, లేకపోతే మీరు మిగతాది వినరు. బాక్స్ ఎల్డర్ నల్లికి చలికాలం అంటే పెద్ద పరీక్ష. గుడ్డు గానీ పిల్ల గానీ చలిని తట్టుకుని వసంతం దాకా మిగలవు, పెద్దవే ఎక్కడో ఒకచోట దాక్కుని గడపాలి. సహజంగా అయితే బెరడు పగుళ్లలో, రాళ్ల సందుల్లో దూరతాయి. మన ఇళ్లు వాటికి చాలా పెద్ద రాళ్లు, వెచ్చటి సందులున్న రాళ్లు. ఆకులు రాలే కాలంలో దక్షిణం గోడ, పడమటి గోడ ఎండకు వేడెక్కితే అక్కడ చేరి, కిటికీ చట్రాల సందుల్లోంచి గోడల్లోకి పోతాయి. లోపల గుడ్లు పెట్టవు, బట్టలు కొరకవు, చెక్క తినవు, మనల్ని కుట్టడానికి రావు. శీతాకాలం మధ్యలో ఒకరోజు ఎండ కాస్తే వసంతం వచ్చేసిందనుకుని తప్పుదారిన హాల్లోకి వచ్చి కర్టెన్ మీద వాలతాయి, మనం కంగారుపడి నలిపేస్తాం, కర్టెన్ మీద మరక పడుతుంది. మా ఇంట్లో ఆ మరక ఇప్పటికీ ఉంది.

అందుకే నలపకండి. వాక్యూమ్‌తో పీల్చేయండి, వేసవి చివర్లోనే సందులు పూడ్చేయండి, గోడ మీద గుంపు మరీ ఎక్కువైతే సబ్బు నీళ్లు కొట్టండి. సబ్బు నీళ్లు ఒంటికి తగిలితే ఇవి చస్తాయి, ఆరిపోయిన తర్వాత మాత్రం ఆ నీళ్లకు పనితనం ఉండదు. కుంకుడు నల్లికీ ఇదే వైద్యం. కుంకుడు గింజ తిని బతికే పురుగు సబ్బు నీళ్లకు చస్తుందని తెలిసిన రోజు నేను చాలాసేపు నవ్వుకున్నాను. నురగ ఇచ్చే సపోనిన్ ఉండేది కండలో, దీనికి కావలసింది లోపలి గింజ, కండలోంచి సూది దూర్చి గింజ దగ్గరికే పోతుంది.

ఎండలో గుంపుగా ఎందుకు వాలతాయి అంటే, వెచ్చదనం కోసమే అని అందరూ అనుకునేవారు. దీని పశ్చిమ తీరపు అక్క ఒకటుంది, పశ్చిమ బాక్స్ ఎల్డర్ నల్లి. ఎండ కాగుతున్నప్పుడు వాటి ఒంట్లోంచి మోనోటెర్పీన్లు అనే ఆవిరయ్యే పదార్థాలు బయటికి వస్తాయని, పురుగుల ఒంటి మీద పెరిగి చంపే బూజును అవి అడ్డుకోగలవని కెనడా పరిశోధకులు చూశారు. అంటే ఎండ కాగడంలో కొంత స్నానం కూడా ఉందన్నమాట. మన గోడ మీదిది కూడా అదే చేస్తుందా అంటే, ఆ పరిశోధన దాని అక్క మీద జరిగింది, దీని మీద కాదు, కాబట్టి నేను ఒట్టు పెట్టి చెప్పను.

సరే, చెట్లకు వద్దాం, నాకు ఇష్టమైన భాగం ఇది.

బాక్స్ ఎల్డర్ అనేది పేరుకు ఎల్డర్ గానీ నిజానికి మేపుల్. ఏసర్ నెగుండో. మిగతా మేపుల్స్‌కు అరచెయ్యి లాంటి ఒకటే ఆకు ఉంటే దీనికి మూడు నుంచి ఏడు దాకా చిన్న ఆకులు కలిసి ఒక ఆకవుతాయి. ఆ నెగుండో ఎక్కడిదో తెలుసా? మన వావిలి చెట్టు శాస్త్రీయ నామం వైటెక్స్ నెగుండో. సంస్కృతంలో నిర్గుండి. 1753లో, మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ ఈ రెండు చెట్లకూ అదే పేరు తగిలించాడు, ఈ అమెరికా మేపుల్ ఆకు చూస్తే వావిలాకు గుర్తొస్తుందని. ఇక కుంకుడు చెట్ల ప్రజాతి పేరు సపిండస్, అందులో ఉన్నది రెండు లాటిన్ ముక్కలు, సబ్బు, ఇండియా. ఇండియా సబ్బు అన్నమాట. ఇక్కడ ఓక్లహోమా వాగు గట్ల మీద తనంతట తాను పెరిగే చెట్టు పేరులో ఇండియా ఉంది, దాని పక్కనే ఉన్న మేపుల్ పేరులో వావిలి ఉంది. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఇల్లు గుర్తొచ్చి దిగులుగా ఉన్న రోజుల్లో ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఆ కుంకుడు చెట్టు దగ్గరే నాకు రెండో పురుగు దొరికింది. మేం నడకకు వెళ్లే వాగు పక్కన ఒక చెట్టుంది, దాని కాయలు శీతాకాలమంతా కొమ్మలకే వేలాడతాయి, పసుపు బంగారు రంగులో, ఎండలో చూస్తే లోపలి నల్ల గింజ నీడలా కనిపించేంత పలచగా. వేసవిలో ఒకరోజు ఆ చెట్టు మొదట్లో కూర్చుని షూ లేసు కట్టుకుంటుంటే నేలంతా ఎర్రగా కదులుతోంది. మా ఇంటి గోడ మీదివే ఇక్కడ కూడానా అనుకుని చూస్తే మధ్య గీత లేదు.

ఒక పెద్ద నల్లి, ఆడదే అయి ఉండాలి, ఎండిన కాయ ఒకటి దొరికించుకుని మీసాలతో దాన్ని నాలుగుసార్లు తట్టింది. అప్పటిదాకా ముక్కు పొట్ట కింద మడిచి పెట్టుకుని ఉంది, చాకు పిడిలో మడిచినట్టు. దాన్ని మెల్లగా ముందుకు తిప్పి కాయ మీద ఆనించింది. మనకు కనిపించే ముక్కు నిజానికి ఒర మాత్రమే, అందులో వెంట్రుకల్లాంటి నాలుగు సూదులుంటాయి, బయట రెండు, లోపల రెండు. లోపలి రెండూ కలిస్తే రెండు గొట్టాలవుతాయి, ఒక గొట్టంలోంచి ఉమ్ము లోపలికి, రెండో దాంట్లోంచి కరిగిన ఆహారం పైకి. సూదులు లోపలికి దిగుతున్న కొద్దీ ఒర మాత్రం లోపలికి పోకుండా మోచెయ్యిలా వెనక్కి మడతపడుతుంది. గింజ గట్టిది, దాన్ని నమలలేదు కాబట్టి ఉమ్ముతో లోపలే జావ చేసి తాగుతుంది. నేను ఇరవై నిమిషాలు చూశాను, అది కదల్లేదు. ఈలోగా నాలుగు పిల్లలొచ్చి అదే కాయ చుట్టూ చేరాయి. మా ఆవిడ దూరం నుంచి పిలుస్తూనే ఉంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. రెండింటినీ చెట్టు నల్లులనే అంటాం గానీ, కుంకుడు నల్లి చెట్టు మీద కంటే చెట్టు కిందే ఎక్కువ కనిపిస్తుంది. రాలిన గింజలు దాని అన్నం. గుడ్లు కూడా మట్టిలో చిన్న గుంట చేసి పెట్టి కప్పేస్తుంది. బాక్స్ ఎల్డర్ నల్లి అలా కాదు, వసంతంలో నేల మీద నిరుటి గింజలు ఏరుకు తిన్నా, వేసవి నడిమికి చెట్టెక్కేస్తుంది, గుడ్లు బెరడు పగుళ్లలో, ఆకుల మీద. అది కూడా ఆడ చెట్టు. బాక్స్ ఎల్డర్‌లో మగ చెట్లు, ఆడ చెట్లు వేరు వేరు, గింజలు కాసేది ఆడ చెట్టే, రెక్కల్లా ఉండే కాయలు జంటలు జంటలుగా గుత్తులు వేలాడతాయి. మీ ఇంటి గోడ మీద గుంపు ఏటా వస్తోందంటే చుట్టుపక్కల ఎక్కడో గింజలు కాసే చెట్టుందని అర్థం. అలాగని చెట్టు కొట్టేయమని చెప్పను, ఇవి ఎగురుకుంటూ వస్తాయి, మీ చెట్టు కొట్టేస్తే పక్కవాళ్ల చెట్టు నుంచి వస్తాయి.

ఒకటి మేపుల్ గింజ, ఇంకొకటి కుంకుడు గింజ, రెండింటికీ ఏం సంబంధం? పాత వృక్షశాస్త్ర పుస్తకాల్లో ఏ సంబంధమూ లేదు. మేపుల్స్‌ది ఏసరేసీ అనే వేరే కుటుంబం, కుంకుడుది సపిండేసీ. ఈ రెండు నల్లులు మాత్రం దగ్గరి దాయాదులు, రోపాలిడే కుటుంబంలో ఒకే ఉపకుటుంబం, ఆ ఉపకుటుంబం మొత్తానికీ కుంకుడు వంశపు గింజలంటే పిచ్చి. మరి అందులో ఒకటి పోయి మేపుల్ గింజ ఎందుకు తింటోంది? గత శతాబ్దం చివరికి వచ్చేసరికి డీఎన్‌ఏ చూసి మొక్కల కుటుంబాలు మళ్లీ సర్దారు, మేపుల్స్‌ను తీసుకొచ్చి సపిండేసీలోనే కలిపేశారు. అంటే పురుగు ఎప్పటి నుంచో తన నోటితో చెబుతున్న మాటను మనిషి లాబ్‌లో ఆలస్యంగా విన్నాడు. ఇంకో సాక్ష్యం కూడా ఉంది. గుర్రాలు బాక్స్ ఎల్డర్ గింజలు తింటే కండరాలు దెబ్బతిని చచ్చిపోతుంటాయి, దానికి కారణం గింజలోని హైపోగ్లైసిన్ అనే విషమని 2013లో తేల్చారు. అదే విషం లీచీలోనూ ఉంటుంది, లీచీ కూడా కుంకుడు కుటుంబమే. చుట్టరికం ఎక్కడికి పోతుంది!

ఇప్పుడు ముక్కు కథ. నిజానికి ఇది చెప్పడానికే నేను ఒప్పుకున్నాను, పై మాటలన్నీ దీనికి రావడానికి.

ఫ్లోరిడా దక్షిణాన కుంకుడు నల్లికి అలవాటైన తిండి ఒక తీగ కాయ, మన బుడ్డకాకరకు దగ్గరి చుట్టం. బుడ్డకాకర కాయ చిన్నప్పుడు నుదుటి మీద టప్పున కొట్టి పేల్చుకునే ఉంటారు, లోపలంతా గాలి, నడిమధ్యలో మూడు గింజలు. పురుగు వైపు నుంచి ఆలోచించండి. తొక్క పొడిస్తే సరిపోదు, గాలి దాటి నడిమి దాకా సూది అందాలి. ఆ కాయలో తొక్క నుంచి గింజ దాకా దాదాపు 12 మిల్లీమీటర్లు. అందుకే అక్కడి ఆడ నల్లుల ముక్కు సగటున 9.3 మిల్లీమీటర్లు, ఒళ్లంతా కలిపి 13 మిల్లీమీటర్లు దాటని పురుగుకు!

గత శతాబ్దం నడిమిలో ఫ్లోరిడాలో వీధుల పక్కన అందం కోసం తూర్పు ఆసియా నుంచి వచ్చిన ఒక చెట్టును విరివిగా నాటడం మొదలైంది. గోల్డెన్ రెయిన్ అంటారు, పసుపు పూలు, గులాబీ రంగు కాయలు. అదీ కుంకుడు కుటుంబమే. దాని కాయ బల్లపరుపు, తొక్క నుంచి గింజకు 3 మిల్లీమీటర్లు కూడా ఉండదు. నల్లులు ఆ చెట్టుకు మారాయి. స్కాట్ కారల్, క్రిస్టిన్ బాయిడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1992లో ప్రచురించిన కొలతల ప్రకారం, కొత్త చెట్టు మీది నల్లుల ముక్కు 6.9 మిల్లీమీటర్లకు దిగిపోయింది. ఇవి రెండు వేర్వేరు జాతులేమో, పొట్టి ముక్కువి ఎప్పటి నుంచో ఉన్నాయేమో అని మీకు అనుమానం రావచ్చు, వాళ్లకూ వచ్చింది. మ్యూజియంలలో గుండుసూదులకు గుచ్చి దాచిన పాత నల్లుల్ని తీసి ముక్కులు కొలిచారు. ఆ చెట్టు రాక ముందు పట్టిన వాటిలో పొడవు ముక్కులే. ఒక మనిషి జీవితకాలం లోపల, కళ్లెదుట, ముక్కు కురచ అయిపోయింది. తర్వాత వీటి పిల్లల్ని అటువి ఇటూ ఇటువి అటూ గింజలు మార్చి పెంచి చూశారు, తేడా పోలేదు, తిండి వల్ల వచ్చింది కాదు, పుట్టుకతో వస్తున్నదే.

పరిణామం అంటే కోట్ల ఏళ్లు, డైనోసార్ ఎముకలు అనుకుంటాం మనం. ఇక్కడ స్కేలు పెట్టి కొలిచేంత దగ్గరలో ఉంది.

ఫ్లోరిడా దాకా ఎందుకు, మనవైపు కూడా ఇదే లెక్క. ఓక్లహోమా, టెక్సాస్ వైపు కుంకుడు కాయలో తొక్క నుంచి గింజకు 6 మిల్లీమీటర్లు, మన నల్లుల ముక్కు 6.7. అదే ప్రాంతంలో అందం కోసం నాటే ఇంకో రకం గోల్డెన్ రెయిన్ చెట్టు ఉంది, దానికి గుండ్రటి కాయ, కొంచెం పెద్దది, అక్కడి నల్లుల ముక్కు 7.2. బుడ్డకాకర తీగ మీద ఉన్న వాటికైతే 7.8. ఫ్లోరిడాలో ముక్కు తగ్గితే ఇక్కడ పెరిగింది. దర్జీ కొలతలు తీసుకుని కుట్టినట్టు. దర్జీ ఎవరూ లేరు, ముక్కు అందని నల్లికి తిండి తక్కువ, పిల్లలు తక్కువ, తరతరానికీ ఆ తేడా పేరుకుపోతుంది.

ఈ కథ ఇక్కడితో ఆగిపోయి ఉంటే పాఠ్యపుస్తకానికి బాగుండేది, నిజంగానే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది కూడా. కానీ 2016లో మెరిడిత్ సెంజర్ అనే శాస్త్రవేత్త అదే ఫ్లోరిడా నల్లుల మీద చేసిన పని ప్రచురిస్తే కథ అడ్డం తిరిగింది. తీగ మీద ఇంకా బతుకుతున్న నల్లులు కూడా ఇప్పుడు తీగకు తగ్గట్టు లేవు, తెచ్చి నాటిన చెట్టుకు తగ్గట్టు మారిపోయాయి. చెట్లు లెక్కలేనన్ని, వాటి మీది నల్లులు లెక్కలేనన్ని, అవి ఎగిరొచ్చి తీగ మీది వాటితో జతకడుతుంటే పొడవు ముక్కు లక్షణం పలచబడిపోయింది. రెండు రకాలుగా విడిపోతున్నాయనుకున్నవి మళ్లీ ఒకటైపోతున్నాయి, అదీ పాత తిండిని మర్చిపోయి. నాకైతే మొదటి కథ కంటే ఈ రెండోదే ఎక్కువ నచ్చింది. మనవాళ్లలో ఇంగ్లీషు బడికి వెళ్లే పిల్లలున్న ఇంట్లో అవ్వ కూడా తెలుగు మాట వెతుక్కోవడం నేను చూశాను. పోలిక కాస్త లాగినట్టే ఉందేమో, క్షమించండి.

ఇంకో విచిత్రం చెప్పి ముక్కు వదిలేస్తాను. ఆ బల్లపరుపు కాయల చెట్టు సొంత ఊరు తైవాన్. 2012లో తైవాన్‌లోని కావ్‌సియుంగ్‌లో ఈ అమెరికా నల్లి కనిపించింది, ఆసియాలో అదే మొదటిసారి. చెట్టు ఇటు వచ్చింది, దాన్ని తినడం నేర్చుకున్న పురుగు దాని పుట్టింటికి వెళ్లింది.

రెక్కల గురించి రెండు ముక్కలు. బాక్స్ ఎల్డర్ నల్లికి ఎగరక తప్పదు, చలికాలం దాక్కోవడానికి చోటు వెతుక్కోవాలి, వసంతంలో మళ్లీ చెట్టు చేరాలి. కుంకుడు నల్లిలో పూర్తి రెక్కలవీ ఉంటాయి, ఎగరలేని పొట్టి రెక్కలవీ ఉంటాయి, ఒకే తల్లి పిల్లల్లో కూడా. పిల్లప్పుడు తిండి బాగా దొరికితే పొట్టి రెక్కలవి ఎక్కువవుతాయి, ఉన్నచోటే తిండి ఉంటే ఎగిరే ఖర్చెందుకు, ఆ శక్తి గుడ్లకు పెట్టుకోవచ్చు. తిండి కరువైతే పొడవు రెక్కలు. పూర్తి రెక్కలున్నవి కూడా కొన్ని సంసారంలో పడ్డాక ఎగిరే కండరాలను కరిగించేసుకుంటాయి. ఇంట్లో ట్రెడ్‌మిల్ కొని బట్టలు ఆరేసుకునేవాళ్లు నవ్వకండి.

మగవాటి సంగతి కూడా చెప్పమని ఇందాక ఒకరు అడిగారు. ఓక్లహోమా వైపు కుంకుడు నల్లుల్లో ఆడవాటి కంటే మగవి ఎక్కువ. అందుకని మగది ఒకసారి జత దొరికితే వదిలిపెట్టదు, ఇంకొకటి రాకుండా రోజుల తరబడి అంటిపెట్టుకునే తిరుగుతుంది. ఒక తల అటు, ఒక తల ఇటు, ఆడది నడిచిన వైపు మగది వెనక్కి నడుస్తూ. చెట్టు కింద మీకు ఎక్కువగా కనిపించేది ఈ దృశ్యమే. ఆ ఫోటోలే పంపి, రెండు తలల పురుగండీ అని అడుగుతుంటారు. కాదండీ, రెండు పురుగులు.

ఇక చాలు. ఈ ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు ఉన్నాయి, అన్నీ చచ్చినవే, భయపడకండి. రెండు మా గోడవి, రెండు వాగు పక్క కుంకుడు చెట్టువి, ఏవి ఏవో రాయలేదు. పక్కనే భూతద్దం, స్కేలు ఉన్నాయి. ముందు మెడ పట్టీ మీద మధ్య గీత చూడండి. తర్వాత అడుగు భాగం కనిపించేలా డబ్బా తిప్పి, ముక్కు ఎన్నో కాళ్ల జత దాటి వచ్చిందో చూడండి. కుంకుడు నల్లి ముక్కు నేను కొలిస్తే ఏడు మిల్లీమీటర్లకు ఒక గీత తక్కువ వచ్చింది, నా కళ్లద్దాలు పాతవి, మీలో ఎవరైనా మళ్లీ కొలవండి. ఇటు మొదటి వరుస నుంచి పంపుతున్నాను, మూత మాత్రం తీయకండి, ఏసీ గాలికి ఎగిరిపోతే నేలంతా మళ్లీ వెతుక్కోవాలి.